నీటికి చెరగని నీలి సిరా: రోజువారీ రాతకు ఎలా ఎంచుకోవాలి

2024 సెప్టెంబరు మొదటి వారంలో బుడమేరు పొంగి విజయవాడలోని సింగ్‌నగర్, పాయకాపురం వీధులను ముంచెత్తినప్పుడు, మా ఇంట్లో మంచం కింద ఉన్న ట్రంకుపెట్టె మూడు రోజులు నీళ్ళలోనే ఉండిపోయింది. అందులో పదేళ్ళ ఇంటి జమాఖర్చు పుస్తకాలు ఉన్నాయి. నీరు తీశాక వాటిని మేడ మీదికి తీసుకెళ్ళి విప్పి చూస్తే, ఒకే పుస్తకంలో కొన్ని పుటలు నీలిమందు పెట్టి ఉతికిన తెల్లబట్టలా మిగిలాయి, కొన్ని పుటలలో మాత్రం పేర్లు, తేదీలు, పైసలతో సహా లెక్కలన్నీ చదువుకొనే స్థితిలో ఉన్నాయి. కాగితం ఒకటే, పెన్ను ఒకటే, రాసిన చెయ్యి ఒకటే. మధ్యలో ఒక బుడ్డి అయిపోయి వేరే రకం సిరా కొన్నాను, తేడా అంతా అక్కడే వచ్చింది.

వన్‌టౌన్‌లో ఒక టోకు దుకాణానికి చిఠా, ఆవర్జా అనే పద్దు పుస్తకాలు రాయడం నా వృత్తి. కంప్యూటరు వచ్చినా మా యజమానికి చేతిరాత పుస్తకం పక్కన లేకపోతే తోచదు. అందువల్ల రోజుకు ఐదారు పుటలు ఫౌంటెన్ పెన్నుతోనే రాస్తాను. ఆ వరద తరువాత సిరాల విషయంలో నేను చేసిన పరీక్షలను, చేసిన పొరపాట్లను కూడా కలుపుకొని, నీలి సిరాను ఎంచుకొనే పద్ధతిని వరుసగా చెబుతాను. బుడ్డి కొనడానికి ముందు చేయవలసిన పని కొంత ఉంది కాబట్టి అక్కడినుంచి మొదలుపెడదాం.

మొదట మీ రాతకు ఏ నీరు తగులుతుందో తేల్చుకోండి

అందరికీ వరదను తట్టుకొనే సిరా అవసరం లేదు. బెజవాడను తెల్లదొరలు బ్లేజ్‌వాడ అని ఎగతాళి చేశారని పెద్దలు చెప్పే మాట మీరూ వినే ఉంటారు. ఆ మే నెల ఎండలో రాసేవారికి ఎదురయ్యే మొదటి నీరు అరచేతి చెమట. రాసిన వాక్యం మీద చెయ్యి ఆనించి తరువాతి వాక్యం రాస్తే, మొదటి వాక్యం చేతికి అంటి మూడో వాక్యం మీద మళ్ళీ అచ్చవుతుంది. పరీక్షలకు చదువుకొనే విద్యార్థులకు, నోట్సు రాసే ఉపాధ్యాయులకు ఉన్న బాధ ప్రధానంగా ఇదే. దీనికి త్వరగా ఆరే సిరా, సన్నని పాళీ ఉంటే చాలావరకు సరిపోతుంది.

రెండవది అప్పుడప్పుడు పడే చుక్క: టీ గ్లాసు అడుగున మిగిలే వలయం, మంచినీళ్ళ సీసా మూత వదులై సంచిలో కారిన నీరు, స్కూటరు మీద వెళ్తుంటే బారేజీ దగ్గర పట్టుకున్న వాన. పోస్టు కవరు మీద రాసే చిరునామా కూడా ఈ కోవలోకే వస్తుంది, ఎందుకంటే కవరు మీ చేతిలోంచి వెళ్ళాక ఏ వానలో తడుస్తుందో మీకు తెలియదు. ఇలాంటి రాత రంగు కొంత పోయినా ఫరవాలేదు, చదవగలిగితే చాలు.

మూడవది పూర్తిగా మునిగే ప్రమాదం. పద్దు పుస్తకాలు, అప్పు పత్రాలు, కౌలు ఒప్పందాలు, వంశవృక్షం రాసుకున్న పుస్తకం, ఇంకో ప్రతి లేని ఉత్తరాలు ఇందులో చేరతాయి. మీ రాత ఈ మూడింటిలో ఎక్కువభాగం దేనికి చెందుతుందో ఒక కాగితం మీద రాసుకోండి. నా విషయంలో దుకాణం పద్దులు మూడవ తరగతి, మిగిలినదంతా మొదటి తరగతి. అందుకే నా బల్ల మీద రెండు బుడ్డీలు ఉంటాయి. ఒకే బుడ్డీతో అన్నీ గడవాలని పట్టుబట్టినవారు సాధారణంగా పెన్నును పాడుచేసుకుంటారు, లేదా పుస్తకాన్ని.

బుడ్డి మీది మాటలను చదవడం నేర్చుకోండి

రాయల్ బ్లూ అనే పేరు కనబడితే అది నీటికి పోయే సిరా అనే అనుకోండి. దానిలో వాడే నీలిరంగు నీటిలో పూర్తిగా కరిగేది, ఎండకు కూడా వెలిసేది. ఐరోపా బడిపిల్లలు సిరాను చెరిపే పెన్నుతో గీయగానే అక్షరం మాయమయ్యేది ఈ జాతి నీలమే. బట్టల మీద మరక పడితే ఉతికితే పోవాలని, పెన్ను కడగడం సులువు కావాలని దానిని అలా తయారుచేశారు, కాబట్టి అది లోపం కాదు. వాషబుల్ అని రాసి ఉంటే సందేహమే లేదు.

చిక్కంతా పర్మనెంట్ అనే మాటతో వస్తుంది. 1931లో పార్కర్ సంస్థ క్వింక్ సిరాను తెచ్చిన కాలం నుంచి సిరాలను వాషబుల్ అని, పర్మనెంట్ అని రెండు తరగతులుగా అమ్మడం అలవాటు. అక్కడ పర్మనెంట్ అంటే ఉతికితే పోయే దానికంటే గట్టిది, తొందరగా వెలిసిపోనిది అని మాత్రమే అర్థం, నీళ్ళలో నానబెట్టినా నిలుస్తుందని కాదు. వరదలో తెల్లబడిన నా పుటలు రాసిన బుడ్డి మీద కూడా పర్మనెంట్ అనే ఉంది. బ్లూ బ్లాక్ అనే పేరు కూడా ఇలాంటిదే. ఒకప్పుడు ఆ పేరు ఇనుము కలిసిన సిరాకే చెల్లేది, ఇప్పుడు చాలా సంస్థలకు అది కేవలం ఒక ముదురు రంగు పేరు.

వాటర్‌ప్రూఫ్ అని పెద్ద అక్షరాలలో కనబడితే మరింత జాగ్రత్త పడండి. బీసెంట్ రోడ్డులోనో ఏలూరు రోడ్డులోనో స్టేషనరీ దుకాణానికి వెళ్ళి నీటికి పోని ఇంకు కావాలంటే, అబ్బాయి మొట్టమొదట డ్రాయింగ్ ఇంకు బుడ్డి తీసి బల్ల మీద పెడతాడు. అది బొమ్మలు గీసేవారు కుంచెతోనో ముంచి రాసే పాళీతోనో వాడేది. ఆరితే గట్టిపడే లక్క వంటి పదార్థం దానిలో ఉంటుంది. ఫౌంటెన్ పెన్నులో పోస్తే పాళీ కింద ఉండే నాలుక గాడులలో గట్టిపడి మళ్ళీ ఊడిరాదు. మా నాన్నగారి రాజమండ్రి ఎబొనైట్ (గట్టిపరచిన రబ్బరు) పెన్నును నేను ఇలాగే చంపుకున్నాను. పాళీ, నాలుక మార్పించాక ఇప్పుడది రాస్తోంది గానీ, ఆ మొదటి రాతలోని మెత్తదనం తిరిగి రాలేదు. ఫౌంటెన్ పెన్నుల కోసం అని స్పష్టంగా రాసి లేని వాటర్‌ప్రూఫ్ సిరాను ముట్టుకోవద్దు.

కొన్ని ఖరీదైన బుడ్డీల మీద డాక్యుమెంట్ అనే మాటో, ఐఎస్ఓ 14145-2 అనే సంఖ్యో ఉంటుంది. ఆ ప్రమాణాన్ని రోలర్‌బాల్ పెన్నుల కోసం రాశారు, అయితే అందులో నీరు, వెలుతురు, కొన్ని రసాయనాలు తగిలినా రాత నిలుస్తుందా అన్న పరీక్షలు ఉండడం వల్ల పత్రాల సిరా తయారుచేసేవారు దానిని చెప్పుకుంటారు. ఈ మాటను మాత్రం నమ్మవచ్చు.

నీటికి నిలిచే నీలాలు మూడు జాతులు

మొదటిది ఇనుము సిరా. మన కరక్కాయ సిరాకు ఇది దగ్గరి చుట్టం. కరక్కాయలోనో మాచికాయలోనో ఉండే వగరు పదార్థమైన టానిన్, మన మూలికల కొట్లలో దొరికే అన్నభేదిలోని ఇనుముతో కలిసినప్పుడు, బుడ్డిలో ఉన్నంతసేపూ నీటిలో కరిగే లేతరంగు ద్రవంగా ఉంటుంది. కాగితం మీదికి వచ్చి గాలి తగిలాక గంటల తరబడి మెల్లగా మారుతూ నీటిలో కరగని నలుపుగా కాగితపు పీచులలోనే కూర్చుంటుంది. పెడనలోనో మచిలీపట్నంలోనో కలంకారీ అద్దేవారిని చూసినవారికి ఇది కొత్త కాదు. ముందు బట్టను కరక్కాయ నీటిలో ముంచి ఆరబెడతారు, తుప్పుపట్టిన ఇనుప ముక్కలను బెల్లపు నీటిలో రోజుల తరబడి ఊరబెట్టి తీసిన ద్రవాన్ని అచ్చుతో అద్దుతారు, ఆ ద్రవం తాకిన చోటల్లా బట్ట నల్లబడుతుంది, తరువాత పారే నీటిలో ఎంత జాడించినా ఆ నలుపు కదలదు. మీ పెన్నులోని ఇనుము సిరా కాగితం మీద చేసే పని ఇదే. రాస్తున్నప్పుడు అక్షరం కనబడడానికి వేరే నీలిరంగు కలుపుతారు. కాబట్టి రాసినప్పుడు నీలంగా, మర్నాటికి నల్లని బూడిద కలిసిన నీలంగా ఉంటుంది. నీళ్ళలో పడితే ఆ పైనీలం వెళ్ళిపోయి, అడుగున ఉన్న ఇనుప నలుపు ఎముకల గూడులా మిగులుతుంది.

జర్మనీ పెలికాన్ సంస్థ వారి 4001 బ్లూ బ్లాక్, లైప్‌జిగ్‌లో మొదలైన రోరర్ అండ్ క్లింగ్‌నర్ వారి సాలిక్స్, జపాన్ ప్లాటినం వారి బ్లూ బ్లాక్ ఈ జాతివే. ఇంగ్లండులోని డయామిన్ వారి రిజిస్ట్రార్స్ ఇంకు వీటన్నిటిలో గట్టిది. అక్కడ జనన, మరణ, వివాహ నమోదు పుస్తకాల కోసం తయారైనది కనుక ఇనుము పాలు ఎక్కువ, రోజువారీ పెన్నుకు అంత అవసరం లేదు. అన్నట్టు, కరక్కాయలు దంచి అన్నభేది కలిపి ఇంట్లో సిరా కాచి ఫౌంటెన్ పెన్నులో పోయాలనే ఉత్సాహం మీకు వస్తే, దానిని వెదురు కలానికే పరిమితం చేయండి. ఇంట్లో కాచినదానిలో మడ్డి తప్పదు, ఆ మడ్డి పెన్ను గొంతులో ఇరుక్కుంటుంది.

రెండవది పొడిరంగు సిరా. తాటాకు మీద గంటంతో గీసి, ఆ గీతలలో మసి రుద్దిన రాతలు వందల ఏళ్ళ తరువాత కూడా ఎందుకు నల్లగా ఉన్నాయో ఆలోచిస్తే ఈ జాతి అర్థమవుతుంది. మసి నీటిలో కరగదు. అలాగే, కంటికి కనబడనంత సన్నగా నూరిన నీలిపొడిని నీటిలో తేల్చి ఉంచితే పొడిరంగు సిరా అవుతుంది. కాగితం మీద నీరు ఆరిపోగానే పొడి పీచులను పట్టుకొని మిగులుతుంది. సెయిలర్ సెయిబోకు, ప్లాటినం పిగ్మెంట్ బ్లూ, డి అట్రామెంటిస్ వారి డాక్యుమెంట్ బ్లూ ఈ జాతివి. వీటి నీలం నల్లబడదు, ఎండకు కూడా తొందరగా వెలవదు. సంతకం నీలంగా ఉండి, జెరాక్సు ప్రతికి, అసలు ప్రతికి తేడా కనబడాలనుకొనే వారికి ఇంతకంటే మంచిది లేదు. దీనికి మీరు చెల్లించే మూల్యం మాత్రం పెన్ను శుభ్రత. పెన్నులో ఎండిపోతే ఆ పొడి నాలుకలోనే స్థిరపడుతుంది.

మూడవది కాగితాన్ని అంటుకొనే రంగు సిరా. దూది, కాగితం, కొయ్య వీటన్నిటిలో ఉండే సెల్యులోజ్‌తో రసాయనికంగా కలిసిపోయే రంగును దీనిలో వాడతారు. అమెరికాకు చెందిన నూడ్లర్స్ సంస్థ పేరు ఎక్కువగా దీనితోనే వినబడుతుంది. ఇందులో ఒక చిక్కు ఉంది: కాగితానికి పట్టుకోగా మిగిలిన రంగు పైన పొరలా ఉండిపోయి, వారం తరువాత కూడా తడివేలికి అంటుతుంది. అదే సంస్థ వారి బేస్టేట్ బ్లూ కళ్ళు చెదిరే నీలం, కానీ పెన్ను ప్లాస్టిక్కుకు మరక పట్టిస్తుంది, ఇతర సిరాలతో అసలు కలపకూడదు. పారదర్శకమైన పెన్నులో దానిని పోసి తరువాత విచారించేవారు ప్రతి ఊరిలోనూ ఉంటారు.

ఈ మూడు జాతులకూ చెందకుండా, మామూలు కరిగే రంగులతోనే తయారై కూడా నీటికి చాలావరకు నిలబడే సిరాలు కొన్ని ఉన్నాయి. జపాన్ పైలట్ వారి బ్లూ బ్లాక్ అలాంటిది. కాబట్టి జాతి పేరు చూసి నమ్మకం కుదిరినా పరీక్ష మానవద్దు.

నా అభిప్రాయం అడిగితే, ప్రతిరోజూ రాసే వ్యక్తికి పలుచని ఇనుము సిరాయే మొదటి ఎంపిక. అది పెన్నులో సాఫీగా నడుస్తుంది, నాసిరకం కాగితం మీద కూడా పెద్దగా పాకదు, పుట అవతలి వైపుకు దిగదు. ఆ చివరి గుణం ఒక్కటే చాలు, నోటుపుస్తకంలో రెండు వైపులా రాసుకోవచ్చు. నీలం నీలంగానే మిగలాలని పట్టుదల ఉన్నవారు, రోజూ పెన్ను వాడతామని మాట ఇవ్వగలిగినవారు పొడిరంగుకు వెళ్ళండి. వారానికి ఒకసారి సంతకం పెట్టేవారికి రెండూ పనికిరావు, వారు బాల్‌పెన్నుతో సరిపెట్టుకోవడం మేలు.

పెన్నును చూసి సిరాను, కాగితాన్ని చూసి పాళీని

నీటికి నిలిచే సిరాను మొదటిసారి వాడేటప్పుడు విప్పి కడగడానికి వీలైన చవక పెన్నులో, కన్వర్టరు (బుడ్డి నుంచి సిరా పీల్చుకొనే చిన్న గొట్టం) అమర్చి మొదలుపెట్టండి. మూత బిగువుగా ఉండాలి. ప్లాటినం ప్రెప్పీ పెన్ను మూతలో లోపలి గిన్నెను స్ప్రింగు నొక్కిపట్టి ఉంచుతుంది కాబట్టి చాలాకాలం వాడకపోయినా సిరా ఎండదు, ప్రయోగాలకు అది అనువైనది. ఇనుము సిరాకు కొంత ఆమ్లగుణం ఉంటుంది. బంగారు పాళీకి, మంచి స్టీలు పాళీకి దానివల్ల భయం లేదు, పూత పోయిన చవక పాళీ అయితే నెలల తరబడి నింపి ఉంచితే తుప్పు కనబడవచ్చు.

1932లో రాజమండ్రిలో మొదలైన రత్నం పెన్నుల వంటి, ఫిల్లరుతో నేరుగా బ్యారెల్‌లోకి సిరా పోసే ఎబొనైట్ పెన్నులు మన ప్రాంతంలో చాలా ఇళ్ళలో ఉన్నాయి. వాటిలో ఒకేసారి రెండు మూడు మిల్లీలీటర్ల సిరా పడుతుంది, అంటే అదే సిరా వారాల తరబడి లోపల ఉంటుంది. మన ఎండకు, సిరా మూడోవంతుకు తగ్గాక లోపలి గాలి వ్యాకోచించి పెన్ను కక్కుతుంది. నీటికి పోని నీలాన్ని తెల్లచొక్కా జేబులో కక్కించుకున్నాక ఏ సబ్బూ పనిచేయదు. అలాంటి పెన్నులో రాయల్ బ్లూయే పోసుకోండి.

కాగితం విషయంలో చెప్పవలసింది తక్కువ. మీరు రోజూ రాసే కాగితం ఏదో అదే ప్రమాణం. 70 జీఎస్ఎం జెరాక్సు కాగితం మీద బాగున్న సిరా చిఠా పుస్తకపు గరుకు కాగితం మీద పాకవచ్చు. నున్నటి మెరుపు కాగితం మీద ఏ జాతి సిరా అయినా పీచులలోకి దిగలేక పైపైనే ఉంటుంది, అక్కడ నీటి పరీక్షకు అర్థం లేదు.

పాళీ మాత్రం సన్నదే తీసుకోండి. మన లిపికి ఇది ఇంగ్లీషు రాసేవారి కంటే ఎక్కువ అవసరం. సిరా కొంచెం పాకినా వత్తుల లోపలి ఖాళీలు పూడుకుపోతాయి, థ మధ్యలోని చుక్క పొట్టలో కలిసిపోయి ధ అవుతుంది. అర్థం కాస్తా అర్ధం అయిపోతే కథలో నవ్వుకోవచ్చు గానీ, పద్దులో కాదు.

కొనేముందు, లేదా కొన్న రోజున, ఈ పరీక్ష చేయండి

పరిచయమున్న వారి దగ్గర ఆ సిరా ఉంటే ఒక పెన్ను నింపి అడిగి తెచ్చుకోండి, లేకపోతే దొరికినంతలో చిన్న బుడ్డి కొనండి. మీరు రోజూ రాసే పుస్తకం నుంచే ఒక పుట చించి, పెన్సిలుతో నాలుగు నిలువు గళ్ళు గీసి, తలల మీద వారం, రోజు, గంట, నిమిషం అని పెన్సిలుతోనే రాయండి. పెన్సిలు నీటికి పోదు, గళ్ళ పేర్లే కొట్టుకుపోతే పరీక్ష వృథా అవుతుంది. ఇవాళ వారం గడిని మాత్రమే నింపి కాగితాన్ని పుస్తకంలో మూసి పెట్టండి. ఆరు రోజుల తరువాత రోజు గడిని, మర్నాడు గంట గడిని నింపి, ఇంకో గంట ఆగి నిమిషం గడిని నింపితే, నాలుగు వయసుల సిరాలూ ఒకేసారి నీటికి సిద్ధంగా ఉంటాయి. ఈ ఓపిక ఎందుకంటే, ఇనుము సిరా గాలిని పీల్చుకొని గట్టిపడడానికి గంటలు పడుతుంది. రాసిన నిమిషానికే తడిపి, ఇది పనికిరాదని బుడ్డి పారేసినవారిని నేను చూశాను.

ప్రతి గడిలోనూ ఒకే మాటలను పైన, మధ్యలో, కింద మూడుసార్లు రాయండి: అర్థం, అర్ధం, శ్రద్ధ, రథం, రాష్ట్రం, 3,689. మన రాతలో ముందుగా దెబ్బతినే అక్షరాలు, ఒకదానికొకటి పొరపడే అంకెలు వీటిలో ఉన్నాయి. మామూలు వేగంతోనే రాయండి. పరీక్ష కదా అని ముత్యాలు పేర్చినట్టు రాస్తే పాళీ ఎక్కువ సిరా వదులుతుంది, ఫలితం తప్పుతుంది.

తరువాత కాగితాన్ని అడ్డంగా మూడు పట్టీలుగా కత్తిరించండి. మొదటి పట్టీ మీద ఫిల్లరుతో గడికి రెండు చుక్కల నీరు వేసి, ఒక నిమిషం ఆగి, అద్దుడు కాగితంతో నొక్కి తీయండి. ఇది టీ గ్లాసు పరీక్ష. రెండవ పట్టీని తడివేలితో ఒకసారి కుడి నుంచి ఎడమకు రుద్దండి. ఇది చెమట పరీక్ష. మూడవ పట్టీని తెల్లని సాసరులో నీళ్ళు పోసి రాత పైకి కనబడేలా ముంచి, పక్కన కూర్చొని చూడండి.

ఆ సాసరును చూడడం కోసమైనా ఈ పరీక్ష చేయవచ్చు. రాయల్ బ్లూ అయితే పది సెకన్లలో అక్షరాల అంచుల నుంచి నీలం అగరుపొగలా లేచి నీటిలోకి వెళ్ళిపోతుంది, ఐదు నిమిషాలకు సాసరు ఆకాశంలా, కాగితం ఖాళీగా కనబడతాయి. ఇనుము సిరా నిమిషం గడిలో దాదాపు అలాగే ప్రవర్తిస్తుంది, కానీ వారం గడిలో లేతనీలం ఒక పొరలా ఊడిపోయిన తరువాత, దాని కింద నుంచి సన్నని బూడిదనలుపు గీత స్పష్టంగా తేలుతుంది, థ చుక్కతో సహా. పొడిరంగు అయితే నీరు తేటగానే ఉంటుంది. పాళీ తిరిగిన చోట, సిరా ముద్దగా పడిన చోట మాత్రం రవ్వంత పొడి లేస్తుంది. కాగితాన్ని అంటుకొనే సిరాలో, మిగులు రంగు కాసేపు కారి ఆగిపోతుంది, ఆ తరువాత నీరు మార్చినా ఇక కారదు.

పదిహేను నిమిషాలకు పట్టీని తీసి పాత పేపరు మీద పరచి, వత్తకుండా, రుద్దకుండా ఆరనివ్వండి. మీ రాత మూడవ తరగతికి చెందినదైతే ఒక పట్టీని రాత్రంతా నీళ్ళలో వదిలేయండి. ఆరాక చదవమని ఇంట్లో ఇంకొకరికి ఇవ్వండి. రాసింది మీరే కాబట్టి మీ కళ్ళు చెరిగిన అక్షరాన్ని కూడా చదివేస్తాయి. మా ఇంట్లో ఆ పని ఏడో తరగతి చదివే మనవరాలిది. అది 3,689ని 3,639 అని చదివిన సిరాను నేను పద్దులకు వాడను.

వెలుతురుకు నిలుస్తుందో లేదో చూడాలంటే, ఇంకో కాగితం మీద కొన్ని పంక్తులు రాసి, సగం మీద అట్టముక్క అంటించి, పడమటి కిటికీ అద్దానికి నెలరోజులు అతికించి ఉంచండి. బెజవాడ ఎండ మిగతా పని చూసుకుంటుంది. హైలైటరు వాడే విద్యార్థులు దానితో కూడా ఒక గీత గీసి చూసుకోవాలి. చెక్కులు రాసేవారు ముదురు నీలాన్నే ఎంచుకోవాలి. ఇప్పుడు బ్యాంకులు చెక్కు బొమ్మ తీసి దానినే పరిశీలిస్తాయి కాబట్టి, లేతనీలం నీటికి నిలిచినా స్కానరుకు సరిగా ఆనదు.

నింపడం, కడగడం

వేరే సిరా ఉన్న పెన్నులో కొత్త సిరా పోయవద్దు. ఒకటి ఆమ్లం, ఒకటి క్షారం అయితే రెండూ కలిసి విరిగిన పాలలా ముద్దకడతాయి. ముందు నీటితో, పాళీ నుంచి తేట నీరు వచ్చేదాకా కడగండి. ఊళ్ళో చాలా చోట్ల బోరు నీటిలో లవణాలు ఎక్కువ, ఆరాక తెల్లని మచ్చలు వదులుతుంది, కాబట్టి చివరి కడుగు తాగే ఫిల్టరు నీటితో చేయండి.

పెన్నులో ఇనుము సిరా ఉంటే నెలకు ఒకసారి, పొడిరంగు ఉంటే రెండు వారాలకు ఒకసారి కడగడం అలవాటు చేసుకోండి, సిరా అయిపోయినా అయిపోకపోయినా. ఇనుము సిరా చారలు లోపల మిగిలితే చిటికెడు విటమిన్ సి పొడిని కప్పు నీటిలో కలిపి అరగంట ఉంచితే, గట్టిపడిన ఇనుము తిరిగి కరిగే రూపానికి వచ్చి జారిపోతుంది. ఈ సిరాకు సబ్బునీరు మొదట వాడకూడదు, క్షారం తగిలితే ఇనుము ఇంకా గట్టిగా పేరుకుంటుంది. పొడిరంగుకు దీనికి విరుద్ధంగా, గిన్నెలు తోమే ద్రవం ఒక చుక్క కలిపిన గోరువెచ్చని నీరే పనిచేస్తుంది. వేడినీళ్ళు ఎబొనైట్‌ను వెలవెలబోయేలా చేస్తాయి, వాటి జోలికి వెళ్ళకండి.

బుడ్డి మీద తెరిచిన తేదీ రాసి, బీరువా అడుగున చీకటిగా ఉన్న అరలో ఉంచండి. ఇనుము సిరా బుడ్డి తెరిచిన ప్రతిసారీ లోపలికి గాలి వెళ్ళి కొంత సిరా అక్కడే గట్టిపడుతుంది. అడుగున మడ్డి కనబడడం మొదలైతే దానిని కుదిపి వాడుకోవాలని చూడకండి, ఆ బుడ్డి ఆయువు తీరినట్టే. పొడిరంగు బుడ్డిని మాత్రం నింపేముందు మెల్లగా తిప్పాలి.

ఇన్ని చేశాక కూడా పుస్తకం తడిస్తే, నేను చేసినట్టు మేడ మీద ఎండలో పరచవద్దు. అట్టలు వంకర తిరిగి, పుటలు అంచుల దగ్గర అతుక్కొని, నిలిచిన రాత కూడా విడదీసేటప్పుడు చిరిగిపోయింది. నీడలో, ఫ్యాను కింద పుస్తకాన్ని నిలబెట్టి, పది పుటలకు ఒకచోట అచ్చు లేని తెల్ల న్యూస్‌ప్రింట్ కాగితం పెట్టి, అది తడిసినప్పుడల్లా మార్చండి. రెండు రోజులు దాటితే బూజు మొదలవుతుంది. పుస్తకాలు ఎక్కువై అంతలో ఆరబెట్టలేకపోతే, ఒక్కొక్కదానిని ప్లాస్టిక్ కవరులో చుట్టి ఫ్రిజ్ పై అరలో గడ్డకట్టేలా పెట్టి, తీరిక దొరికినప్పుడు ఒక్కొక్కటే తీసి ఆరబెట్టుకోవచ్చు.